మామగారు ఎక్కలేని బండి

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు, మావారికి 34. హైదరాబాద్‌లో ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నాలుగేళ్ళ బాబున్నాడు. పోయిన దసరాకు మావారు నాకు మాట మాత్రమైనా చెప్పకుండా కవాసాకి జెడ్900 బైకు కొనేశారు. అన్నీ కలిపి 12 లక్షలు, సగం లోను. ఆదివారం తెల్లారుజామున ఐదింటికే వికారాబాద్ వైపు వెళ్ళిపోతారు. తిరిగొచ్చేదాకా నాకు టెన్షన్. మా నాన్నగారికి చెబితే ఆయన గుంటూరు నుంచి వచ్చి, మా మరిది ఎదురుగానే ఈయన్ని గట్టిగా మందలించారు. అప్పటినుంచీ మావారు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. మా ఫ్లాటుకు 20 లక్షలు ఇచ్చింది నాన్నే. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "అమ్మాడా?" అని అడుగుతున్నారు. బాబు మీద ఒట్టు వేయించుకుంటే మావారు దారికొస్తారని మా పిన్ని అంటోంది. వేయించుకోనా?

– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. పసివాడి తల మీద చెయ్యి పెట్టించి బండి అమ్మిస్తే, రేపు వాడికి జలుబు చేసినా మీ ఇద్దరికీ ఆ ఒట్టే గుర్తొస్తుంది. మీ పిన్నిగారి సలహా అక్కడితో వదిలేయండి.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరం చాలా పెద్దది, పైన వేసింది అందులో పావు వంతే. మిగతాది రెండుసార్లు చదివాను. అందులో బండి కన్నా మీ నాన్నగారే ఎక్కువ కనిపించారు. ఫ్లాటు ఏ అంతస్తులో తీసుకోవాలో ఆయన చెప్పారు. బాబును ఏ బడిలో వేయాలో ఆయన చెప్పారు. మీవారు ఒక కారు చూసుకుంటే అది నిలవదని ఇంకోటి కొనిపించారు. సోఫా గుడ్డ రంగు కూడా ఆయన ఎంపికే. ఇవన్నీ మీరు ఫిర్యాదుగా రాయలేదు, మురిసిపోతూ రాశారు. "నాన్న లేకపోతే మాకేమీ తెలిసేది కాదు" అన్నారు. తల్లీ, పెళ్ళయి ఆరేళ్ళయింది. ఇంకెప్పుడు తెలుసుకుంటారు?

ఆ 20 లక్షలు ఆయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కాకపోతే డబ్బుతో పాటు ఆయన కూడా మీ ఇంట్లో దిగిపోయారు. ఆయన్ని అడక్కుండా, ఆయనకు చూపించకుండా మీ గడపలోకి వచ్చిన వస్తువు ఆ బండి ఒక్కటే. ఎక్కి కూర్చుందామన్నా ఆయన వల్ల కాదు లెండి, ఆ వెనక సీటు చేతిరుమాలంత ఉంటుంది.

మీవారిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. కట్టుకున్నదానికి చెప్పకుండా ఆరు లక్షలు అప్పు చేయడం తప్పే, దానికి సాకులు లేవు. అయితే ఎందుకు చెప్పలేదో మీరు ఒక్కసారైనా అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. నీకు చెబితే మీ నాన్నకు చెప్పినట్టే అనుకుని ఉంటారు. ఆ అనుమానం నిజమేనని వారం తిరక్కుండా మీరే రుజువు చేశారు.

మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. పెళ్ళినాటికి మావారికి ఒక యెజ్డీ ఉండేది. పాత పంచె ముక్కతో ట్యాంకు తుడుచుకుంటూ గంటసేపు గడిపేవారు. ఒకసారి భోజనాల దగ్గర మా నాన్న, "ఆ చప్పుడు బండి ఎందుకు నాయనా, సంసారపక్షంగా ఒక స్కూటర్ కొనుక్కో" అన్నారు. నేను నవ్వాను. నెల తిరక్కుండా అమ్మేశారు. ముప్పయ్యేళ్ళు స్కూటరే నడిపారు, ఒక్క మాట కూడా అనలేదు. కానీ పండక్కి మా పుట్టింటికి బయల్దేరే వేళకు ఆయనకు ఏదో ఒక అర్జెంటు పని తగిలేది. ఆ రెండింటికీ ముడి ఉందని నాకు తట్టేసరికి మా నాన్న పోయి కూడా చాలాకాలమైంది.

బండి గురించి మీ భయం మాత్రం వట్టిది కాదు. మా మేనల్లుడికీ అలాంటి బండే ఉంది, మొన్న కూర్చోబెట్టి అడిగాను. మనం రోజూ చూసే స్ప్లెండర్ బలం సుమారు 8 హార్స్‌పవరట, మీవారి బండిది 125కు దగ్గర. 210 కిలోలకు పైనే బరువు. రెండో గేరులోనే వంద దాటేస్తుంది. అంత వేగాన్ని ఏ రోడ్డు మీద వాడతారు? ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు అద్దంలా ఉంది గానీ, సర్వీసు రోడ్డు తప్ప అసలు రోడ్డెక్కడానికి టూవీలర్లను రానివ్వరు. ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఆగితే రేడియేటర్ ఫ్యాను వేడిగాలి కాళ్ళకు కొడుతుంది. "మే నెలలో ప్యాంటు విప్పకుండానే ఇస్త్రీ చేసినట్టుంటుంది అత్తా" అన్నాడు. టైర్లు మార్చినప్పుడల్లా ఒక ఫ్రిజ్ కొన్నంత ఖర్చు.

మరెందుకురా అన్నాను. వాడు కాసేపు ఆగి, "ఆఫీసులో పదిమందికి జవాబు చెప్పాలి, ఇంటికొస్తే ఇంకో పదిమందికి. దాని మీద ఉన్నంతసేపూ ముందున్న మలుపు తప్ప ఇంకేదీ బుర్రలోకి రాదు. వస్తే పడతాం కదా" అన్నాడు. మీవారు కూడా ఇదే చెబుతారేమో. అడిగి చూడండి.

అమ్మించి మీరు బావుకునేదీ లేదు. మీవారిదానిలా 350 సీసీ దాటిన బళ్ళకు 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం. ఆ పన్నూ, లైఫ్ టాక్సూ, కట్టిన ఇన్సూరెన్సూ ఏవీ వెనక్కి రావు. ఏడాది తిరిగేలోగా ఇన్సూరెన్సు వాళ్ళ లెక్కలోనే విలువ 15 శాతం తగ్గిపోతుంది, అమ్మబోతే ఇంకా తక్కువకు అడుగుతారు. లక్షలు పోతాయి, మీవారు చిన్నబోతారు, మీ నాన్నగారు గెలుస్తారు.

కాబట్టి బండి ఉండనివ్వండి, షరతులు మీరు పెట్టండి. జాకెట్టు, గ్లవ్స్, బూట్లు, ఫుల్ ఫేస్ హెల్మెట్ లేకుండా తాళం తీయకూడదు, పాలప్యాకెట్టుకు వెళ్ళినా సరే. వికారాబాద్ దారిలో ఏ మలుపు వెనక ఏ బర్రె నిలబడి ఉంటుందో ఎవరికీ తెలియదు. వేగం ముచ్చటే తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది, నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకుని అక్కడ తీర్చుకోమనండి. రేసుల్లో, స్పీడు పరీక్షల్లో దెబ్బతింటే మామూలు బండి పాలసీ పైసా ఇవ్వదని కూడా గుర్తు చేయండి. ఓనరు పేరిట ఉండే యాక్సిడెంట్ కవరు 15 లక్షలే. నాలుగేళ్ళ బిడ్డ తండ్రికి అది ఏ మూలకు? ఫారంలో అడిగిన ఏ వివరమూ దాచకుండా కోటికి తగ్గని జీవిత బీమా, అదే టర్మ్ పాలసీ, తీసుకుని కాగితం మీ చేతికివ్వాలి. ఇకమీదట పాతికవేలు దాటిన ఏ ఖర్చయినా, ఏ అప్పయినా ఇద్దరూ కూర్చుని అనుకున్నాకే. ఈ చివరిది మీకూ వర్తిస్తుంది. అనుకోవాల్సింది ఇద్దరే, గుంటూరు లైన్లో ఉండకూడదు.

ఆ 20 లక్షల సంగతీ తేల్చేయండి. పసుపు కుంకుమల కింద ఇచ్చారా, అప్పుగా ఇచ్చారా? అప్పయితే నెలకింతని తీర్చేయండి, ఇద్దరూ సంపాదిస్తున్నారు. కానుకయితే ఇక దాని ఊసెత్తవద్దని చెప్పండి. ఈ మాట మీ నోటి నుంచే రావాలి. అల్లుడు అంటే పొగరంటారు.

మరిది ముందు పోయిన పరువు మాటేమిటంటారా? "గంటసేపు సెల్లార్లో కూర్చుని కిరోసిన్ బ్రష్షుతో చైను తోముతారు, ఇంట్లో ఒక్క గిన్నె తోమరు" అని రాశారు. నవ్వొచ్చింది. గిన్నెల విషయంలో నేను మీ పక్షమే, ఆ పంచాయితీ ఇంకోసారి పెట్టుకుందాం. ఈ ఆదివారం మాత్రం ఆయన చైను దగ్గర కూర్చున్నప్పుడు కిందికి దిగండి. "నాన్నకు చెప్పడం నాది తప్పు, ముందు మిమ్మల్నే అడగాల్సింది" అనండి. బండి మాట ఎత్తకండి, లోను మాట అసలే వద్దు. ఆయన వెంటనే కరిగిపోతారని నేను చెప్పను, మూడు నెలల కోపం మూడు నిమిషాల్లో పోదు.

ఈలోగా రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. "అమ్మాడా?" అంటారు. "అది మేం చూసుకుంటాం నాన్నా" అని ఊరుకోండి. ఆయనకు కోపమొస్తుంది, నాలుగు రోజులు ఫోన్ చేయకపోవచ్చు కూడా. అయిదో రోజు మీరే చేసి, అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడగండి.