దిగే నీటిలో గాలం

చిరంజీవి శీనుకి, మామయ్య ఆశీస్సులు.

గాలానికి కొత్త రీలు కొన్నావనీ, మూడు ఆదివారాలు గట్టు మీద కూర్చుని బెండు కదలకుండానే ఇంటికొచ్చావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎర మార్చాలా అని అడగమన్నావట. ఎర సంగతి తర్వాత. శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోయిన దగ్గర్నుంచి తొలకరి దాకా మన విశాఖ చుట్టుపక్కల చేపని తిప్పేది నీరేరా అల్లుడూ. రోజురోజుకీ దిగుతుంది, రోజురోజుకీ వేడెక్కుతుంది. ఆ రెండూ చూడ్డం వస్తే ఇంట్లో గోధుమపిండితోనే చేప పడుతుంది.

ముందు దిగే నీటి సంగతి. రైవాడ, కోనాం, తాండవ, తాటిపూడి, ఏ జలాశయమైనా ఫిబ్రవరి నుంచి తూములోంచి పోయేదే గాని పైనుంచి వచ్చేది పెద్దగా ఉండదు. పొలాలకి పోతుంది, రైవాడ, తాటిపూడి నీరైతే విశాఖ కుళాయిలకీ వస్తుంది. వానాకాలంలో గట్టు పక్క మోకాలి లోతులో మేసిన చేప, నీరు దిగుతుంటే అక్కడ ఉండదు. అందుకే గట్టు చేరగానే సంచీ విప్పకు. బెత్తెడు బెత్తెడుకి గీత పెట్టిన వెదురు పుల్ల ఒకటి నీటి అంచున పాతు. మర్నాడు అదే వేళకి చూడు. రెండు వేళ్ళ కంటే తక్కువ దిగితే చేప ఇంకా గట్టు వారనే తిరుగుతుంది. బెత్తెడు దాటి దిగుతోందంటే అది మేత వదిలేసి పాత ఏటి గాడిలోకి జారుకుంటుంది. జలాశయం కట్టకముందు ఏరు పారిన గాడి అడుగున అలాగే ఉంటుంది, ఎండాకాలంలో చేపకి అదే ఇల్లు. నీరు దిగాక బయటపడ్డ ఒడ్డు వాలు చూస్తే ఆ గాడి ఎటు పోతోందో అర్థమవుతుంది. వాలు నిటారుగా దిగిన చోట గాడి దగ్గర్లో ఉందన్నమాట, గాలం అక్కడ వెయ్యి. తూము కట్టేసి రెండు రోజులైతే చేప మళ్ళీ గట్టెక్కుతుంది. ఆ కబురు తూము తెరిచి మూసే లస్కరుని అడిగితే దొరుకుతుంది, ఎర కొట్టువాడి దగ్గర దొరకదు.

ఒక జాగ్రత్త. కొత్తగా బయటపడ్డ ఒండ్రు పైన ఎండి పగిలినట్టుంటుంది గాని కింద జావలా ఉంటుంది. కర్రతో పొడిచి చూడకుండా దిగకు. తూము నోటికి యాభై అడుగుల లోపు అసలు వెళ్ళకు, నీరు లాగే బలం పైకి కనపడదు.

ఇక వేడి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీలకి ఏడున్నరే పడుతుంది. వేడిలో చేపకేమో ఊపిరి ఇంకా ఎక్కువ కావాలి. ఫిబ్రవరిలో తెల్లవారి నీరు చల్లగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే పరిగెత్తి ప్రయోజనం లేదు, ఎనిమిది దాటాక పదకొండు దాకా, మళ్ళీ మూడు నుంచి పొద్దుగూకే దాకా కూర్చో. మార్చి సగం దాటితే లెక్క తిరగబడుతుంది. అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి దాకా. మధ్యాహ్నం కూర్చుంటే నీ చర్మమే కమిలిపోతుంది.

దీనికొక మినహాయింపు ఉంది, నీ మూడు ఆదివారాలు అందులోనే పోయాయని నా అనుమానం. గుర్రపుడెక్క, నాచు, తామర దట్టంగా ఉన్న ఊరి చెరువుల్లో తెల్లవారుజామునే ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. పగలు ఎండలో మొక్కలు ఇచ్చింది రాత్రంతా అవే పీల్చేస్తాయి. ఆ వేళ బొచ్చె, శీలావతి నీటి మీదకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. కొత్తవాళ్ళు అది చూసి మేస్తున్నాయనుకుంటారు. అవి ఊపిరికి కొట్టుకుంటున్నాయి, నువ్వు నోటి ముందు బూరె పెట్టినా ముట్టవు. అలాంటి చెరువులో ఎండ నాచు మీద పడి గంటన్నర అయ్యాకే గాలం వెయ్యి. మోచెయ్యి దాకా చెయ్యి నీటిలో ముంచు. అరచెయ్యి మసకగా కనిపిస్తే బాగున్నట్టు. మణికట్టు మునగ్గానే వేళ్ళు మాయమైతే నీరు మరీ పచ్చబడి చిక్కబడింది, ఆ చెరువు వదిలేసి ఇంకోటి చూసుకో.

కొరమీనుకి మాత్రం ఆ బాధ లేదు, అది గాలి పీల్చుకుంటుంది. బొచ్చె నోళ్ళు తెరుస్తున్న ఆ తెల్లవారుజామే దాని వేట సమయం. గాలి లేని పొద్దున నాచు సందుల్లో గుండ్రంగా ఒక బుడగ లేచి, తడి శబ్దం ఒక్కటి వినిపిస్తే అది పైకొచ్చి గాలి మింగిందన్నమాట. కాసేపటికి అక్కడికి దగ్గర్లోనే మళ్ళీ వస్తుంది. రబ్బరు కప్పని ఎరగా వాడేవాళ్ళు సరిగ్గా ఆ చోటికే విసరకూడదు, మూడు నాలుగు అడుగులు అవతల వేసి మెల్లగా లాక్కుంటూ రావాలి, ఆకుల మధ్య ఖాళీ వచ్చిన చోట ఆపాలి. నీరు బద్దలైనట్టు కొడుతుంది. అప్పుడు చెయ్యి వెంటనే లాగేస్తుంది, అదే తప్పు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, కర్ర దించి, దారం బిగిశాక లాగు. దీనికి తంగూసు, అంటే మామూలు నైలాన్ దారం, పనికిరాదు, నాచులో సాగిపోతుంది. అల్లిక దారం 30 పౌండ్లది కావాలి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ఒకటి ఉండచుట్టుకుని కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏది దగ్గరకొచ్చినా కోపంతో కొడతాయి, పట్టడం చాలా తేలిక. పట్టకు. పెద్దవి పోయిన గంటలో ఆ పిల్లలన్నిటినీ జెల్లలూ పరిగెలూ మేసేస్తాయి.

మార్చి పొద్దుల్లో గట్టు వారన గడ్డిలో రెండు మూడు పెద్ద చేపలు ఒకదాన్నొకటి తరుముతూ నీళ్ళు చిమ్ముతుంటే ఎగిరి గంతెయ్యకు. అవి బంగారుతీగలు, గుడ్లు పెడుతున్నాయి. ఇవి నిలవనీటిలో గడ్డికీ నాచుకీ గుడ్లు అంటిస్తాయి, ఆ పనిలో ఉన్నప్పుడు ఎర ముట్టవు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వరద నీరొస్తే గాని గుడ్లు పెట్టవు, కాబట్టి ఈ నెలల్లో అవి తిండి మీదే ఉంటాయి.

ఏ గట్టు మీద కూర్చోవాలన్నది గాలి చెప్తుంది. ఎండలు ముదిరాక మనకి మధ్యాహ్నం నుంచి నైరుతి గాలి తోస్తుంది. నీటి మీద తేలే నలుసు, పురుగు, పాచి అన్నీ ఈశాన్యపు ఒడ్డుకి కొట్టుకొస్తాయి, వాటి వెనక బొచ్చె వస్తుంది. మొహానికి గాలి కొడుతుందని జనం అవతలి గట్టుకి పోతారు. నువ్వు గాలికి ఎదురుగానే కూర్చో. సాయంత్రం నీ నీడ కూడా వెనక్కే పడుతుంది, నీటి మీద పడదు. పొద్దున్నయితే పడమటి గట్టు మంచిది. నీడ వెనక్కి పోతుంది, తొలి ఎండ ముందుగా ఆ ఒడ్డు నీటికే తగులుతుంది.

ఇప్పుడు బెండు. నీకు చేప రాకపోవడంలో సగం తప్పు ఇక్కడుంటుంది. ముందు లోతు కొలువు. కొక్కేనికి బరువైన సీసం గుండు ఒకటి తాత్కాలికంగా గుచ్చి వెయ్యి. బెండు పూర్తిగా మునిగితే లోతు ఎక్కువుంది, బెండుని పైకి జరుపు. అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైంది, కిందకి దించు. కొన మాత్రం కనిపిస్తే అదే లోతు. ఎర్రమోసుకైతే అక్కడినుంచి బెండుని నాలుగు వేళ్ళు పైకి జరిపి ఎరని అడుగున పడుకోబెట్టు, దాని నోరు కిందకి, అడుగు తవ్వి తినే జాతి. శీలావతికి అడుగు నుంచి జానెడు రెండు జానల ఎత్తులో. బొచ్చెకి లోతుతో పని లేదు, నోరు పైకి తిరిగిన చేప, నీటి మట్టం నుంచి రెండు మూడు అడుగుల కింద ఎర వేలాడాలి. నీరు దిగే రోజుల్లో ఈ కొలత నిన్నటిది ఇవాళ పనికిరాదు, ప్రతి పూటా కొత్తగా కొలవాలి.

బెండు మోయగలిగినంత సీసం పెట్టాలి, అగ్గిపుల్ల తలంతే పైకి కనిపించాలి. సగం బెండు పైకి తేలుతుంటే చేప ఎర నోట్లో పెట్టుకోగానే ఆ బరువు తెలిసి ఉమ్మేస్తుంది. ఎర్రమోసు పట్టినప్పుడు బెండు మునగదు, పైకి లేచి పక్కకి ఒరుగుతుంది. అప్పుడే లాగాలి. మునుగుతుందని చూస్తూ కూర్చునేవాళ్ళకి ఖాళీ కొక్కెమే వస్తుంది.

కొక్కేలకి నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది. పరిగెలకి 14, ఎర్రమోసు, శీలావతులకి 8 లేదా 6, పెద్ద బొచ్చెకి 2. తంగూసు 0.30 మిల్లీమీటర్లు చాలు, పరిగెలకైతే 0.18. ముడి అయిదు చుట్లు చుట్టి, బిగించే ముందు ఉమ్మితో తడుపు. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం ముడి దగ్గరే బలం పోగొట్టుకుంటుంది, పెద్ద చేప తెంపేది సరిగ్గా అక్కడే. కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద మెల్లగా జార్చు. గీరుకుని ఆగితే పదును ఉంది, జారిపోతే పారెయ్.

ఎరకి వచ్చాం. చేపని దగ్గరికి రప్పించే మేతముద్దకి తవుడు కిలో, తెలికిపిండి అరకిలో రాత్రే నానబెట్టింది, దోరగా వేయించి పొడిచేసిన మెంతులు గుప్పెడు. అదే చెరువు నీళ్ళతో కలుపు. ముద్ద చేసి గట్టు పక్క నీటిలో వదిలి చూడు. పడగానే విచ్చిపోతే నీళ్ళు తక్కువయ్యాయి, అయిదు నిమిషాలైనా విచ్చకపోతే ఎక్కువయ్యాయి. రెండు మూడు నిమిషాల్లో విచ్చాలి. మొదట బత్తాయంత ముద్దలు మూడు, ఆ తర్వాత అరగంటకోసారి నిమ్మకాయంత ఒకటి, అన్నీ బెండు చుట్టూనే. నీ వయసువాళ్ళు బకెట్టు బోర్లించేస్తారు. చేప కడుపు నిండాక నీ కొక్కెం దానికెందుకు? కొక్కేనికి గోధుమపిండి 200 గ్రాములు, వేయించిన శనగపిండి 50, గోరువెచ్చని నీళ్ళతో చపాతీ ముద్ద కంటే కొంచెం మెత్తగా పిసికి, పిండి జారకుండా దూది పోగులు కొన్ని కలుపు. ముద్ద శనగగింజంతే ఉండాలి, కొక్కెం మొన మాత్రం బయటికి రావాలి. జెల్లలకీ ఎర్రమోసుకీ ఎర్రలు (వానపాములు) పెట్టొచ్చు, తడి మట్టిలో, నీడలో ఉంచు. వాలుగ దొరికే చోట దారానికి చివర జానెడు స్టీలు తీగ కట్టు, దాని పళ్ళ ముందు తంగూసు ఆగదు.

ఏళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. శారద, వరాహ, గోస్తని మార్చికల్లా సన్నగిల్లి మడుగులు మడుగులుగా మిగులుతాయి. ఆనకట్టల దిగువ మడుగు మంచిదే గాని అక్కడ చేప బెదురుతో ఉంటుంది, సన్న దారం, చిన్న కొక్కెం, శబ్దం లేని నడక కావాలి. భీమిలి దగ్గర గోస్తనిలో ఏటి నీరు తగ్గి ఉప్పునీరు పైకెక్కుతుంది, అక్కడ పండుగొప్పకి వెళ్ళాలి గాని శీలావతికి కాదు. సీలేరు, మాచ్‌ఖండ్ వైపు విద్యుత్ కేంద్రాలు నీరు వదిలితే రాళ్ళ మధ్య మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. రాయి మీద దిగి కూర్చోవద్దు.

మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ తాగునీటి చెరువులు, కొండకర్ల ఆవ అనే సరస్సు పక్షులది. ఆ మూడూ నీ జాబితాలోంచి కొట్టెయ్. మిగిలిన జలాశయాల్లో చేప హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలది, ఊరి చెరువైతే పాటదారుది. ముందు వాళ్ళని అడిగి, చెప్పిన రుసుము కట్టి కూర్చో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో మంచినీటి చేపకి గిరాకీ, చెరువు మీద కాపలా కూడా గట్టిగానే ఉంటుంది. ఎవడైనా బ్లీచింగు చల్లుదామనో, తూటా పేల్చుదామనో అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. 1897 నాటి చేపల చట్టంలోనే అది నేరం. కరెంటు తీగ వేసేవాడి పక్కనైతే ఒడ్డున కూడా నిలబడకు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే తిరిగి వదలకు, చెరువులో మిగిలినవన్నీ తినేస్తుంది.

ఏప్రిల్లో సాయంత్రం ఉరుము వినిపిస్తే మొదట కర్ర కింద పెట్టు. కార్బన్ కర్ర పిడుగుని పిలుస్తుంది. మామిడి జల్లు పడ్డ మర్నాడు వాగు నీరు చెరువులో కలిసే మూల దగ్గర ఎర్రలతో కూర్చో, ఒండ్రుతో పాటు కొట్టుకొచ్చే పురుగుల కోసం జెల్ల, ఎర్రమోసు అక్కడికే చేరతాయి. వాన మరీ పెద్దదైతే అడుగు నీరు తిరగబడి చేప తేలుతుంది, ఆ రెండు రోజులూ వెళ్ళకు.

పట్టింది ఇంటికి తెచ్చేటప్పుడు మొప్పలు, పేగులు గట్టు మీదే తీసేసి, చేప ఎంత బరువో అంత ఐసు వెయ్యి. ప్లాస్టిక్ సంచీలో మూతి కట్టి బండికి తగిలిస్తే గాజువాక చేరేసరికి వాసనొస్తుంది, మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఈ శనివారం పొద్దున పుల్ల పాతు. ఆదివారం అదే వేళకి ఎంత దిగిందో, గాలి ఎటుందో, చెయ్యి ముంచితే ఎక్కడిదాకా కనిపించిందో ఫోన్ చేసి చెప్పు. ఏ గట్టు మీద కూర్చోవాలో అప్పుడు చెప్తాను.

మీ మామయ్య