పాఠకుల ప్రశ్నలకు జవాబులు: ఏ నవల ఎవరి చేతికి ఇవ్వాలి?

ప్రశ్న: మా సంఘంలో స్త్రీలం కొందరం కలిసి క్రైస్తవ విశ్వాసం ఆధారంగా రాసిన నవలలు చదువుతున్నాం. పుస్తకాలను సూచించే బాధ్యత నాకు అప్పగించారు. మాలో ఈమధ్యే భర్తను పోగొట్టుకున్న ఆమె ఉన్నారు, కొత్తగా ఉపాధ్యాయురాలైన అమ్మాయి ఉంది, కాపురంలో హింస అనుభవిస్తున్న సోదరి ఉన్నారు. అందరికీ ఆదరణ కలిగించే పుస్తకాల జాబితా ఇవ్వగలరా? కల్పిత కథలతో కాలం గడపడం విశ్వాసికి తగదనే పెద్దలకు ఏమని చెప్పాలి?

జవాబు: సోదరీ, అందరికీ సరిపోయే జాబితా నేను ఇవ్వలేను. మీరు చెప్పిన ముగ్గురిలో ఒకరిని ఓదార్చిన పుస్తకమే మరొకరి గాయాన్ని రేపవచ్చు. 1979లో వెలువడిన జానెట్ ఓక్ నవల ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ని చూడండి. ఈ తరహా నవలలకు విస్తారంగా పాఠకులను తెచ్చిపెట్టిన పుస్తకమది. భర్తతో కలిసి పడమటి మైదానాలకు వలస వచ్చిన మార్టీ గర్భవతిగా ఉండగానే అతడు ప్రమాదంలో చనిపోతాడు. తల్లిలేని పసిపాపను పెంచుకుంటున్న క్లార్క్ అనే రైతు, అంత్యక్రియలు జరిగిన రోజునే ఆమె దగ్గరకు వచ్చి, పాపకు తల్లి అవసరమని, ఆమెకు నిలువ నీడ అవసరమని చెప్పి పెళ్లి ప్రస్తావన తెస్తాడు. ఆ ఇంట్లో ప్రేమా విశ్వాసమూ తొందర లేకుండా పెరిగిన తీరు నాకు ఎంతో ఇష్టం. అయినా మొన్నమొన్ననే భర్తను సమాధి చేసి వచ్చిన స్త్రీకి ఆ మొదటి అధ్యాయాలు భరించలేనివిగా ఉంటాయి. ఆమెకు ఇప్పుడే ఏ నవలా ఇవ్వకండి. ఆమే అడిగిన రోజున, ఒక ప్రార్థనతో దుఃఖమంతా తుడిచిపెట్టుకుపోయిందని చెప్పే కథ కాక, దుఃఖపడే మనిషిని మాట్లాడనిచ్చే కథను ఎంచండి. రూతు గ్రంథంలో, భర్తనూ ఇద్దరు కుమారులనూ పోగొట్టుకున్న నయోమి (రూతు అత్త), సర్వశక్తుడే తనను బాధపరిచాడని ఊరివారందరి ముందు అంటుంది. బైబిలు ఆ మాటను దాచలేదు, మెత్తబరచనూ లేదు. లేఖనమే అంత ధైర్యంగా చెప్పినదాన్ని నవల దాటవేస్తే అది ఓదార్పు ఎలా అవుతుంది?

ఉపాధ్యాయురాలైన అమ్మాయికి మాత్రం సందేహించకుండా కేథరిన్ మార్షల్ రాసిన ‘క్రిస్టీ’ ఇవ్వండి. తన తల్లి జీవితం ఆధారంగా ఆమె రాసిన ఈ నవల 1967లో వచ్చింది. పందొమ్మిదేళ్ల యువతి 1912లో అమెరికాలోని అపలాచియన్ కొండల్లో ఉన్న ఒక పేద పల్లెకు చదువు చెప్పడానికి వెళుతుంది. మంచి మనసు ఉంటే చాలుననుకున్న ఆమెకు అక్కడి పేదరికమూ, పాత పగలూ ఎదురవుతాయి. టైఫాయిడ్ వ్యాపించి ప్రాణస్నేహితురాలు చనిపోయినప్పుడు ఆమె విశ్వాసమే కదిలిపోతుంది. సేవలో అడుగుపెట్టే ఏ యువతికైనా ఆ పేజీలు పనికివస్తాయి. క్రైస్తవ నవలల కోసం 1999లో నెలకొల్పిన క్రిస్టీ పురస్కారాలకు ఈ పుస్తకం పేరే పెట్టారు. కొత్త పుస్తకాల కోసం ఆ విజేతల జాబితాలు వెతకవచ్చు కానీ, పురస్కారం వచ్చిందన్న కారణంతో మీరు చదవకుండా ఎవరికీ ఇవ్వవద్దు.

హింస అనుభవిస్తున్న సోదరి విషయంలో మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన ‘రిడీమింగ్ లవ్’ను ఎవరో ఒకరు ఆమెకు తప్పక సూచిస్తారు. 1991లో మొదట వెలువడి, 1997లో క్రైస్తవ ప్రచురణగా మార్పులతో తిరిగి వచ్చిన ఈ నవల, నమ్మకంగా ఉండని భార్యను మళ్లీ చేర్చుకున్న హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు వేట రోజులకు మార్చి చెబుతుంది. బాల్యంలోనే వ్యభిచార గృహానికి అమ్ముడుపోయిన స్త్రీని ఒక రైతు పెళ్లాడి, ఆమె మళ్లీ మళ్లీ పారిపోయినా ప్రేమిస్తూనే ఉంటాడు. విడిచిపెట్టని ప్రేమను ఇంత బలంగా చెప్పిన నవలలు అరుదు. అయితే ఇందులో బాలికపై జరిగే అఘాయిత్యం ఉంది. ఆ సంగతి ముందుగా చెప్పకుండా ఈ పుస్తకం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. అంతకన్నా ముఖ్యంగా, ఓర్చుకుంటే భర్త మారతాడని చెప్పడానికి ఈ కథనైనా, మరే కథనైనా వాడడం అన్యాయం. ఆ సోదరికి ముందు కావలసింది భద్రమైన చోటు, అండగా నిలిచే మనుషులు, అవసరమైతే చట్టం సహాయం. నవల సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

ఇక పెద్దల మాట. దావీదు రాజు తన పాపాన్ని గుర్తించింది నాతాను ప్రవక్త చెప్పిన గొర్రెపిల్ల కథ విన్నాకే కదా! వారు గౌరవించే, జాన్ బన్యన్ రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ కూడా కల్పిత కథే. 1678లో వచ్చిన మొదటి భాగంలో, యాత్రికుడైన భర్త వెంట రానన్న క్రిస్టియానాయే, 1684 నాటి రెండవ భాగంలో పిల్లలతోనూ, మెర్సీ అనే స్నేహితురాలితోనూ అదే దారిలో బయలుదేరుతుంది. ఆ రెండవ భాగాన్ని మీరంతా కలిసి చదివి, ఒకనాడు పెద్దలనూ చర్చకు పిలవండి.

ప్రశ్న: బైబిలు స్త్రీల గురించి రాసిన నవలలు చదివాక, ఏది లేఖనమో ఏది కల్పనో నా మనసులో కలిసిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: నవల తెరవకముందే మూలకథ చదవండి. రూతు గ్రంథంలో ఉన్నవి నాలుగే అధ్యాయాలు, ఒక్క సాయంత్రంలో పూర్తవుతాయి. మోయాబులో రూతు బాల్యం గురించీ, ఆమె మొదటి భర్త మహ్లోను స్వభావం గురించీ అక్కడ ఏమీ లేదు కనుక, నవలలో అవి కనబడితే రచయిత్రి ఊహించి రాసినవని మీకే తెలుస్తుంది. స్నేహితురాలికి ఆ పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి ఇవ్వండి.