సర్వర్లు వాటంతట అవే నడిచిపోతుంటే మా వాడికి పనేముంటుంది?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నేను విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. మా అబ్బాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సర్వర్లు), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లలో పెట్టి నడిపే పని) వైపు వెళ్తానంటున్నాడు. సర్వర్లు ఇప్పుడు తమను తామే చూసుకుంటున్నాయి, ఆ ఉద్యోగాలు ఇక ఉండవు అని హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది అంటున్నాడు. లక్షా ఇరవై వేలు కట్టి ఏఐఆప్స్ కోర్సులో చేర్చమంటున్నాడు. క్లౌడా, ఆ కోర్సా, బ్యాంకు పరీక్షలా? పక్కింటి అబ్బాయి బెంగళూరులో ఇరవై లక్షల ప్యాకేజీలో ఉన్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: టెక్కలి నుంచి రాజాం దాకా ఎందరో తల్లిదండ్రులు నన్ను ఈ ప్రశ్నే అడుగుతున్నారండీ. కోర్సు పేరు మాత్రం ఏడాదికోసారి మారుతుంది. అసలు భయం ఒక్కటే: ఇంత ఖర్చు పెట్టి చదివించాక పిల్లాడు ఖాళీగా ఇంటికొచ్చేస్తే? ముందు దాని సంగతి చూద్దాం.

మీ బావమరిది చెప్పింది కొత్త మాట కాదు. 2001లో ఐబీఎం పరిశోధన విభాగాధిపతి పాల్ హార్న్ ఇదే ముందుకు తెచ్చారు. కంపెనీల కంప్యూటర్ వ్యవస్థలు మనుషులు సంభాళించలేనంత చిక్కుగా తయారవుతున్నాయి, కాబట్టి వాటిని అవే చూసుకునేలా కట్టాలి అన్నారు. దానికి ఆటోనామిక్ కంప్యూటింగ్ అని పేరు పెట్టారు. తనను తానే సెట్ చేసుకోవాలి, పాడైతే తానే బాగుచేసుకోవాలి, లోడ్‌ను బట్టి సర్దుకోవాలి, దాడి జరిగితే తానే కాచుకోవాలి. ఇందులో చాలా భాగం నిజమైంది కూడా. గూగుల్ 2014లో బయటపెట్టిన కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇలాంటి పనే. ఒక అప్లికేషన్ ఐదు కాపీలు నడవాలని రాసిపెడితే, ఒకటి చచ్చిపోగానే ఇంకోటి లేపుతుంది. అర్ధరాత్రి ఎవరూ నిద్ర లేవనక్కర్లేదు.

మరి మనిషితో పనేంటి? అది మీకు నాకంటే బాగా తెలుసు. ఫీడర్ మీద కొమ్మ తగిలి ట్రిప్ అయితే ఆటో రీక్లోజర్ క్షణాల్లో మళ్లీ లైన్ వేసేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి స్తంభాలే నేలకూలినప్పుడు ఏ రీక్లోజర్ పలాసకు కరెంటు తెచ్చింది? మనుషులొచ్చి తెచ్చారు. పైగా ఆ రీక్లోజర్‌ని ఎప్పుడు ఆపి ఉంచాలో తెలిసినవాడు కూడా ఒకడుండాలి.

కంప్యూటర్లలోనూ అదే జరుగుతోంది. 2025 అక్టోబరు 20న మనం దీపావళి ఏర్పాట్లలో ఉండగా అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ దెబ్బతింది. ప్రపంచమంతటా ఎన్నో యాప్‌లు పడకేశాయి. పేరు చెబితే ఏ సర్వర్‌కి వెళ్లాలో చూపే చిరునామా పుస్తకం లాంటిది డీఎన్‌ఎస్. అందులోని అడ్రసులను వాటంతట అవే మార్చుకునే ఏర్పాటు అక్కడ ఉంది. ఒకే పని చేసే రెండు ప్రోగ్రాముల్లో ఒకటి ఆలస్యంగా పాత అడ్రసుల ప్లాన్‌ని కొత్త దాని మీద రాసేసింది. రెండోది అది పాతదే కదా అని చెరిపేసింది. అడ్రసుల జాబితా ఖాళీ అయిపోయింది. ఆ స్థితిలో ఆటోమేషన్ తనను తాను బాగుచేసుకోలేకపోయింది, ఇంజినీర్లే చేత్తో సరిచేశారు. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయినప్పుడూ చాలా చోట్ల మనుషులే ఒక్కో మెషీన్ ముందు కూర్చుని ఆ తప్పు ఫైల్ తీసేయాల్సి వచ్చింది.

అలాగని అంతా బాగుందని చెప్పను. తెర మీద ఎర్ర లైటు వెలిగితే టికెట్ రాసి పైవాడికి పంపే ఉద్యోగాలు నిజంగానే తగ్గుతున్నాయి. మన జిల్లాల పిల్లలు చాలామంది నైట్ షిఫ్టుల్లో అక్కడే మొదలుపెట్టారు. ఆ మొదటి మెట్టు అరిగిపోతోంది. విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది కదా, అక్కడ దొరకదా అని అడుగుతారేమో. పెట్టుబడి ఎంత పెద్దదైనా డేటా సెంటర్ లోపల రోజూ పనిచేసేవాళ్లు తక్కువే. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి.

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఏఐఆప్స్ అంటే సర్వర్లు పంపే వేలాది హెచ్చరికల్లో ఏవి ఒకే కారణం వల్ల వచ్చాయో ఏఐతో జల్లెడ పట్టడం. పని మంచిదే. కానీ సర్వర్ ఎందుకు పడిపోతుందో తెలియని పిల్లాడికి ఆ జల్లెడ చేతికిస్తే ఏం చేస్తాడు? ఇలాంటి కోర్సుల సిలబస్‌లు చాలా చూశాను. ఫలానా టూల్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతారు. రెండేళ్లకు ఆ టూల్ మారిపోతుంది. లినక్స్, నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ మాత్రం ఎక్కడికీ పోవు. అవి మీ వాడి కాలేజీ సిలబస్‌లోనే ఉన్నాయి, వాటికి ఫీజు కట్టేశారు కూడా. "వంద శాతం ప్లేస్‌మెంట్" అని ఎవరైనా అంటే, కిందటి బ్యాచ్‌లో చేరిన ఓ పదిమంది నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఒక మాట కటువుగానే చెబుతాను. ఇంత ఉత్తరంలో బావమరిది ఏమన్నాడో ఉంది, పక్కింటి అబ్బాయి జీతం ఉంది. మీ వాడు క్లౌడ్ ఎందుకు కావాలంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా? పక్కింటి ప్యాకేజీ మాట భోజనాల దగ్గర ఎత్తడం ఇవాళే మానేయండి. అది వినీ వినీ ఇంటికి ఫోన్ చేయడం మానేసిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. మీ నిద్ర పట్టని టెన్షన్ అంతా వాడి నెత్తిన పెట్టడం అన్యాయం.

బ్యాంకు పరీక్షలు తప్పేం కాదు. వాడికి ఇష్టమైతే డిగ్రీ చేతికొచ్చాక రాసుకోవచ్చు. మూడో సంవత్సరం మధ్యలో రెండు పడవల మీద కాలు పెట్టించకండి.

మీ వాడికి నా మాటగా ఇది చెప్పండి. సొంత ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ వేసుకోవాలి, అది ఒక్క కంప్యూటర్‌లో నడిచే చిన్న కుబర్నెటిస్, ఉచితం. చిన్న అప్లికేషన్ పెట్టి, ఒక పాడ్‌ని, అంటే నడుస్తున్న ఒక కాపీని, కావాలని చంపి, అది తిరిగి లేవడం చూడాలి. తర్వాత హెల్త్ చెక్‌ని, అంటే అప్లికేషన్ బతికే ఉందా అని కుబర్నెటిస్ చేసే పరీక్షని, కావాలని తప్పుగా రాయాలి. అప్పుడు బాగా నడుస్తున్న అప్లికేషన్‌నే కుబర్నెటిస్ పదే పదే చంపి మళ్లీ మొదలుపెడుతుంది. కాసేపటికి క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని చూపిస్తుంది, అంటే పదే పదే పడిపోతోంది కాబట్టి కాసేపు ఆగి మళ్లీ లేపుతానని. మొదట పది సెకన్లు ఆగుతుంది, తర్వాత ఇరవై, నలభై, అలా ఐదు నిమిషాల దాకా. తప్పు అప్లికేషన్‌లో లేదని, కాపలా కాసేదానికి ఇచ్చిన ఆదేశంలో ఉందని లాగ్స్, ఈవెంట్స్ (ఏం జరిగిందో కంప్యూటర్ రాసిపెట్టే చిట్టా) చదివి తానే పట్టుకోవాలి. పట్టుకున్నది కాగితం మీద తెలుగులోనైనా సరే రాసుకోవాలి. ఇంటర్వ్యూలో అడిగేది ఇదే: పాడైనప్పుడు ఎక్కణ్నుంచి వెతకడం మొదలుపెట్టావు?

దానితో పాటు పైథాన్ రోజూ కాసేపు. పెద్ద కంపెనీలు తమ అంతరాయాల మీద బయటపెట్టే నివేదికలు వారానికొకటి. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే నెమ్మదిగా చదవమనండి, మన పిల్లలు చాలామంది అలా చదివే పైకొచ్చారు.

కోర్సుకు అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ర్యామే ఉంటే, ఆ డబ్బులో కొంత పెట్టి పదహారుకి పెంచండి. ఈ ఆదివారం వాడికి ఫోన్ చేసి, నాలుగో సంవత్సరం ప్రాజెక్టు దేని మీద చేద్దామనుకుంటున్నాడో అడగండి. వాడు చెప్పేదాంట్లో మీకు తెలిసింది చాలానే ఉంటుంది.