తెనాలిలో తక్కువ అద్దెకు ఇల్లు ఎలా దొరుకుతుంది?

మీరు అడిగినది ఇది: ఒంగోలు నుంచి ఇద్దరు పిల్లలతో తెనాలికి మారుతున్నారు. భర్త లేరు, వితంతు పెన్షన్ ఒంగోలులో అందుతోంది. ఇక్కడ ప్రైవేటు పాఠశాలలో 11 వేల జీతానికి టీచరు ఉద్యోగం కుదిరింది. 5 వేలు దాటకుండా ఇల్లు దొరుకుతుందా, అద్దెకు ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా, మేడ మీద ఒంటి గది తీసుకోవచ్చా అన్నారు. నేనూ మీలాగే మా అబ్బాయితో ఈ ఊరికి వచ్చి, మందుల దుకాణంలో లెక్కలు రాస్తూ అద్దె ఇళ్లలో ఉన్నదాన్ని. తెలిసినంత చెబుతాను.

5 వేలకు ఇల్లు ఉంటుంది, కానీ ఫోనులో కనిపించదు. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఉండేవి లిఫ్టు ఉన్న అపార్టుమెంట్లు. వాటి మెయింటెనెన్సు డబ్బులతో మీకు నెల కూరగాయలు వస్తాయి. మీకు కావలసింది పాత డాబా ఇంట్లో వెనక పోర్షన్. అలాంటి ఇంటి ఓనర్లు చాలామంది గేటుకు టులెట్ బోర్డు కూడా కట్టరు. పాలు పోసే అతనికి, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకు, కిరాణా కొట్లో ఒక మాట చెప్పి ఊరుకుంటారు. బోర్డు కడితే ఎవరెవరో వస్తారని వాళ్ల భయం. అందుకే ఇంటికంటే ముందు మీ తరఫున మాట చెప్పే మనిషిని చూసుకోండి.

నా విషయంలో ఆ మాట మా దుకాణం యజమాని భార్య చెప్పారు. ముందు రోజు నేను వెళ్లి అడిగితే గేటు సందులోంచే "ఖాళీ లేదమ్మా" అన్న మామ్మగారు, ఆవిడ ఫోను చేసి "మా అమ్మాయే పిన్నిగారూ" అనేసరికి తాళంచెవి కొంగుకు ముడివేసుకుని మరీ ఎదురొచ్చారు. కోపం రాలేదని చెప్పను. కానీ ఆ పోర్షన్‌లోనే చాలాకాలం ఉన్నాను, మా అబ్బాయికి జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నదీ ఆ మామ్మగారే. మీకైతే పాఠశాల ఉంది. కరస్పాండెంటుగారితో ఒక ఫోను చేయించండి. అంతకంటే ముందు ఆయాను అడగండి. ఏ వీధిలో ఎవరు ఖాళీ చేస్తున్నారో, ఏ ఓనరు నీళ్ల దగ్గర పేచీ పెడతారో ఆయాలకు తెలిసినంతగా బ్రోకర్లకు తెలియదు. బ్రోకరు దగ్గరకు వెళితే ఒక నెల అద్దె కమిషన్ కింద పోతుంది. ఆ డబ్బు అడ్వాన్సుకు పనికొస్తుంది.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లు అడిగేవి దాదాపు ఒకటే. ఎంతమంది ఉంటారు, చుట్టాలు తరచుగా వస్తారా, మాంసం వండుతారా, ఇంటిపేరు ఏమిటి. ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమే, అందులో దాపరికమేమీ లేదు. నేను జవాబు చెప్పేసేదాన్ని. మా అక్క చెప్పేది కాదు. "అద్దె ఒకటో తేదీకి ఇస్తానండి, ఇంటిపేరుతో పనేముంది" అనేది నవ్వుతూనే. తనకు ఇల్లు దొరకడానికి నాకంటే ఎక్కువ రోజులు పట్టింది, కానీ దొరికిన ఓనర్లు నా ఓనర్లకంటే నయం. ఏది చేయాలో మీ ఇష్టం. భర్త లేరన్న సంగతి మాత్రం దాచకండి, వారం తిరిగేలోపు వీధంతా తెలుస్తుంది. అలాగని ఆ మాటతోనే మొదలుపెట్టకండి. ముందు ఉద్యోగం, పిల్లల తరగతులు చెప్పండి. టీచరంటే ఈ ఊళ్లో ఇంకా కొంత గౌరవం ఉంది.

ఎప్పుడు వెతకాలన్నది కూడా ముఖ్యమే. బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మే నెలంతా అందరూ ఇళ్ల కోసం తిరుగుతుంటారు, ఓనర్లు బెట్టుగా ఉంటారు. ఆషాఢం వచ్చిందంటే ఇల్లు మారేవారు ఉండరు. అప్పటికి ఖాళీగా మిగిలిపోయిన పోర్షన్‌కు ఓనరు ఒక మెట్టు దిగుతారు. ఆషాఢంలో పాలు పొంగించడానికి ఒప్పుకోకపోతే, జ్యేష్ఠం పోకముందే మంచిరోజున దేవుడి పటం పెట్టి, పాలు పొంగించి, సామాను తర్వాత తెచ్చుకుంటామని బేరమాడవచ్చు. నాకు ఈ పట్టింపులు లేవు, కానీ అద్దెలో 300 తగ్గుతుందంటే ఆషాఢాన్ని ఎంతైనా గౌరవిస్తాను.

బోస్ రోడ్డు, గాంధీచౌక్ దగ్గర చూడకండి, అక్కడ దుకాణాల వల్ల అద్దెలు పెరిగాయి. ఐతానగర్, నాజరుపేట, గంగానమ్మపేట లోపలి సందుల్లో తిరగండి. ఇంకో దారి కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కాబట్టి అంగలకుదురు, బుర్రిపాలెం లాంటి పక్క ఊళ్లలోనూ చూడవచ్చు. అదే డబ్బుకు ఒక గది ఎక్కువ వస్తుంది. పిల్లల బడి వేళకు, మీరు తిరిగి వచ్చే వేళకు బస్సు ఉందో లేదో మాత్రం స్వయంగా నిలబడి చూసుకోండి.

తెనాలి కృష్ణా డెల్టా ఊరు, ఊరి మధ్య నుంచే కాలువలు పారుతాయి. నేలమట్టం గదుల్లో చెమ్మ ఉంటుంది. గదిలోకి వెళ్లగానే సీలింగు కాదు, గోడ అడుగు చూడండి. నేల నుంచి మూరెడు ఎత్తు వరకు రంగు పొక్కులు లేచి, వేలితో తాకితే పొడి రాలుతుంటే ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టవద్దు. గోడంతా పాతగా ఉండి కింది భాగం మాత్రమే కొత్తగా సున్నం కొట్టినట్లుంటే మరీ అనుమానించండి. మోటారు ఏ వేళకు వేస్తారో ఓనరును కాదు, పక్క పోర్షన్ వాళ్లను అడగండి.

కరెంటు మీటరు సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3. విడి మీటరుంటే మీరు 70 యూనిట్లు వాడితే యూనిట్ల ఖర్చు రూ.177, పైన స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు. అదే ఓనరు మీటరు మీద సబ్ మీటరు పెట్టి ఉంటే, వాళ్లు 230 వాడాక మీ 70 యూనిట్లు రూ.8.75 శ్లాబులో పడతాయి. అంటే రూ.612. ఓనరు మోసం చేయకపోయినా బిల్లు అలాగే వస్తుంది. అద్దె 400 తక్కువ అని మురిసిపోయినా ఆ తగ్గింపు ఇక్కడ పోయినట్లే.

మీటరుతో ఇంకో చిక్కు ఉంది. సంక్షేమ పథకాల అర్హతలో కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదన్న నిబంధన ఉంది, అద్దె ఇంటికీ వర్తిస్తుంది. మూడు పోర్షన్లకూ ఒకే మీటరు ఉండి, దానికి మీ ఆధార్ ముడిపడితే ఎవరో ఏసీ వేసుకున్నందుకు మీరు అనర్హుల జాబితాలో తేలతారు. విడి మీటరు ఉన్న పోర్షన్‌కు 200 ఎక్కువైనా ఇవ్వండి.

ఇక సాయం. అద్దె డబ్బులు నేరుగా చేతికిచ్చే పథకం కోసం కార్యాలయాల చుట్టూ తిరగకండి. సాయం వేరే ఖర్చులు తగ్గే రూపంలో వస్తుంది, ఆ మిగిలినది అద్దెకు పెట్టుకోవాలి. మీ ఎన్టీఆర్ భరోసా పెన్షన్ 4 వేలు, అంటే అద్దెలో పెద్ద భాగం అదే. ఇల్లు కుదిరిన వెంటనే ఆధార్ తీసుకుని కొత్త ఇంటి పరిధిలోని వార్డు సచివాలయానికి వెళ్లి పెన్షన్ మార్పిడికి, కుటుంబ వివరాల మార్పుకు దరఖాస్తు ఇవ్వండి. మారే సందడిలో ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు, అంతకుమించి జాప్యం చేయకండి. బియ్యానికి కార్డు మారేదాకా ఆగనక్కరలేదు, రాష్ట్రంలో ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, గ్యాస్ కనెక్షన్ చిరునామా మార్పించుకోండి. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి, ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది. 2025లో బడులు తెరిచిన రోజునే విడుదల చేశారు. అడ్వాన్సుకు అప్పు చేయాల్సి వస్తే ఆ డబ్బుతో తీర్చవచ్చు, కానీ అది ఫలానా రోజున వస్తుందని ఓనరుకు మాట ఇవ్వకండి. పట్టణాల్లో చాలా పథకాలకు కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు. జీతం పెంచుతామని పాఠశాల వాళ్లు అన్నప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి.

అడ్వాన్సు ఎంతైనా ఫోను ద్వారానే పంపండి, రుజువు ఉంటుంది. 11 నెలలకు ఒప్పందం రాయించండి. మామూలుగా అందరూ 11 దగ్గరే ఆపుతారు. ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చుల పేరిట ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి. నా రెండో ఓనరు ఆ మాట నోటితో చెప్పి, చివర్లో నెల అద్దె మొత్తం పట్టుకున్నారు.

మేడ మీద గది విషయం: మెట్లు బయటి నుంచి ఉండి, బాత్రూం పైనే ఉంటే తీసుకోండి. చెమ్మ బాధ ఉండదు, గాలి వస్తుంది. రాత్రిపూట పిల్లలు కిందికి దిగి ఓనరు వరండా దాటి వెళ్లాల్సిన ఏర్పాటు అయితే వద్దు. పైకప్పు రేకులైతే అసలు వద్దు, మే నెలలో మధ్యాహ్నం పూట అందులో కూర్చోలేరు. స్లాబు అయినా సరే, చూడటానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఓనర్లు సాయంత్రం రమ్మంటారు.