గడ్డి కలిపి దున్నితే నాటు ఎందుకు పసుపెక్కింది?

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి. ఈసారి కొయ్యకాళ్లు కాల్చలేదు. కోత మిషన్ వదిలిన గడ్డితో సహా కరిగెట్టులో (నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు) కలిపేసి నాలుగో రోజే నాటు వేశాం. 20 రోజులైంది. కింది ఆకులు పసుపెక్కాయి, పిలకలు రావడం లేదు. ఎకరాకు బస్తా యూరియా వేసినా మార్పు లేదు. మడిలో అడుగేస్తే బుడగలు వస్తున్నాయి. కాల్చకపోవడమే తప్పా?
– ఒక రైతు, మిర్యాలగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: కాల్చకపోవడం మంచి పనే. కలిపిన నాలుగో రోజే నాటడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కార్బన్ ఉంటే, నత్రజని 5–6 కిలోలే. ఆకులు ఎండ నుంచి పట్టి దాచిన శక్తి ఆ కార్బన్‌లో ఉంది. మట్టిలోని సూక్ష్మజీవులకు అదే తిండి. కానీ వాటి ఒంట్లో దాదాపు 8 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉండాలి. గడ్డిలో అంత లేదు కాబట్టి మట్టిలోదీ, మీరు వేసిన యూరియాలోదీ లాగేసుకుంటాయి. నాటిన కొత్తలో వరి వేరు వాటితో పోటీ పడలేదు. యాసంగి చలికి గడ్డి నిదానంగా కుళ్లుతుంది, అందుకే ఈ ఇబ్బంది వానాకాలం కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది.

అలా లాగేసుకున్న నత్రజని పొలంలోనే ఉంది. తిండి తగ్గి సూక్ష్మజీవులు చచ్చేకొద్దీ విడుదలై పైరుకు అందుతుంది. శక్తి అలా కాదు, వేడిగా పోయిందంటే తిరిగి రాదు. మట్టిలో సూక్ష్మజీవుల ఈ పని ఆగకూడదంటే ప్రతి పంటకూ ఎంతో కొంత గడ్డి నేలకు చేరాల్సిందే.

ఇక బుడగలు. నీటి అడుగున గాలి ఆడక గడ్డి కుళ్లితే మీథేన్ వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా ఉంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్, వేరును చంపేది అదే. ఒక దుబ్బు పీకి వేర్లు కడిగి చూడండి. తెల్లగానో ఇటుక రంగులోనో ఉంటే భయం లేదు. నల్లబడి ఉంటే ఇంకా యూరియా పోసి లాభం లేదు, వేరు తీసుకోలేదు. మడిలో నీళ్లు తీసేసి సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టండి. ఇలా ఆరబెడితే కొంత నత్రజని నైట్రేట్‌గా మారి, మళ్లీ నీరు పెట్టాక గాలిలో కలిసిపోతుంది. అయినా ముందు వేరు బతకాలి. తర్వాత పలుచగా నీరు పెట్టి, తెల్లటి కొత్త వేర్లు కనిపించాక ఎకరాకు 20–25 కిలోల యూరియా చల్లండి. గంధకం ఉన్న సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అమ్మోనియం సల్ఫేట్ ఇప్పుడు వద్దు, ఆ గంధకమే గాలి ఆడని మడిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది.

ఆకులపై తుప్పు రంగు మచ్చలు కూడా ఉంటే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి.

వచ్చే పంటకు కోత అవగానే, నేలలో పదును ఉండగానే గడ్డి కలియదున్ని, నాటుకు కనీసం రెండు మూడు వారాలు గడువివ్వండి. అప్పుడే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే త్వరగా కుళ్లుతుంది. ఆ భాస్వరాన్ని దుక్కి మోతాదులో తగ్గించుకోండి. కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. కట్టలు కట్టించి అమ్మితే టన్నుకు 15–20 కిలోల పొటాష్ పొలం దాటుతుంది, ఆ మడికి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదనంగా వేయాలి.