వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్: సెట్టింగ్ పేరు మార్చాక పాత విలువలు పోకుండా

మీ ఎక్స్‌టెన్షన్‌లో (వీఎస్ కోడ్ ఎడిటర్‌కి అదనపు సౌకర్యాలు చేర్చే ప్రోగ్రామ్) ఒక సెట్టింగ్ పేరు మార్చారు. కొత్త పేరుకి విలువ లేకపోతే పాత పేరు చదవమని కోడ్ రాసినా, యూజర్లకి వాళ్లు పెట్టుకున్నది కాక డిఫాల్టే వస్తోందని అడిగారు. చిక్కు సెట్టింగ్ విలువని చదివే గెట్ ఫంక్షన్ దగ్గరే ఉందండీ. యూజర్ ఏమీ పెట్టకపోయినా అది ప్యాకేజ్ జేసన్‌లో (ఎక్స్‌టెన్షన్ తన సెట్టింగ్‌లని ప్రకటించే ఫైల్) ఉన్న డిఫాల్ట్‌ని తెచ్చి ఇస్తుంది; మీ కోడ్ పాత పేరు దాకా వెళ్లనే వెళ్లదు. దాని బదులు ఇన్‌స్పెక్ట్ ఫంక్షన్ వాడండి. ఫోల్డర్, వర్క్‌స్పేస్ (తెరిచి ఉన్న ప్రాజెక్టు), గ్లోబల్ (అన్ని ప్రాజెక్టులకీ కలిపి పెట్టుకున్నవి) విలువలు విడివిడిగా ఇస్తుంది. ఆ వరుసలోనే వెతుకుతూ, ఒక్కో చోట ముందు కొత్త పేరు, తర్వాత పాతది చూడండి. లేదంటే ప్రాజెక్టులో పెట్టుకున్న పాత విలువని గ్లోబల్‌లోని కొత్తది తొక్కేస్తుంది. విలువ ఉందా లేదా అని చూసే పోలిక అన్‌డిఫైన్డ్‌తోనే (ఏ విలువా లేదని అర్థం) చేయాలి. యూజర్ కావాలని పెట్టిన ఫాల్స్ కూడా విలువే.

పాత పేరుని ప్యాకేజ్ జేసన్ నుంచి తీసేయకండి, డెప్రికేషన్ మెసేజ్ (ఇక ఈ సెట్టింగ్ వాడొద్దని చెప్పే హెచ్చరిక) తగిలించి కొత్త పేరు చెప్పండి. యూజర్ సెట్టింగ్స్ ఫైల్‌ని మాత్రం మీరు తిరగరాయొద్దు. సెట్టింగ్స్ సింక్ (మెషీన్లన్నిట్లో సెట్టింగ్స్ ఒకేలా ఉంచే సదుపాయం) ఉన్నవాళ్ల ఇంకో మెషీన్‌లో మీ ఎక్స్‌టెన్షన్ పాత వెర్షనే ఉంటే, అక్కడ వాళ్ల అమరిక ఎగిరిపోతుంది.