సందేహాలు – సమాధానాలు: సింగానికి ఆకలి ఎందుకు?

సందేహం: మా అమ్మాయి పద్యాల పోటీ కోసం తిక్కనగారి భారతంలోని 'సింగం బాకటితో' పద్యం నేర్చుకుంటోంది. "సింహంలా వచ్చాడంటే సరిపోయేదానికి నాలుగు పాదాలెందుకు?" అని అడిగింది. కథ చెప్పే కావ్యంలో ఉపమలూ రూపకాలూ కథకు పనికివచ్చేవేనా, పైన తొడిగే నగలేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: 'సింహంలా వచ్చాడు' అనడానికి నాలుగు పాదాలు అక్కర్లేదు. నన్నడిగితే ఆ మాటే అక్కర్లేదు. విజయవాడలో బెంజి సర్కిల్ దాటేలోపు ఫ్లెక్సీల మీద ఎన్ని సింహాలో! ఏ సభ జరిగినా పత్రికలకు అది జనసంద్రం, ఏ నాయకుడు నోరు విప్పినా సింహగర్జన. రాసినవాడు సముద్రాన్నీ చూడలేదు, సింహాన్నీ తలుచుకోలేదు. చేతికందిన మాట వేశాడు, అంతే. తిక్కన సింగం ఆ జాతిది కాదు. పద్యం ఒకసారి పైకి చదవండి:

సింగం బాకటితో గుహాంతరమునం జేడ్పాటుమై నుండి మా
తంగస్ఫూర్జితయూథదర్శనసముద్యత్క్రోధమై వచ్చు నో
జం గాంతారనివాసఖిన్నమతి నస్మత్సేనపై వీడె వ
చ్చెం గుంతీసుతమధ్యముండు సమరస్థేమాభిరామాకృతిన్

కౌరవులు విరటుడి ఆవులను తోలుకుపోతున్నారు. నిన్నటిదాకా బృహన్నల వేషంలో ఉత్తరకు నాట్యం నేర్పిన అర్జునుడు గాండీవం పట్టి ఎదురు వస్తున్నాడు. 'అస్మత్సేన', అంటే మన సేన, అన్నాడు కనుక ఈ మాట కౌరవుల పక్షాన నిలబడి చూస్తున్నవాడిది. తన సేన మీదికి వస్తున్నవాణ్ణి చూసి 'అభిరామాకృతి', చూడముచ్చటైన రూపం, అంటున్నాడు! భయమూ మెచ్చుకోలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. సన్నివేశానికి రంగు అక్కడ పడింది.

ఇక సింగం సంగతి. అది ఊరికే రాలేదు. గుహలో ఆకలితో చిక్కి ఉంది, ఏనుగుల గుంపు కంటబడింది, కోపం పొంగింది, అప్పుడు బయలుదేరింది. పదమూడేళ్ల కథ అందులో ఉంది. అర్జునుడి వైపు చూడండి, కవి చెప్పింది 'కాంతారనివాసఖిన్నమతి', అడవిలో ఉండి నొచ్చిన మనసు, అని మాత్రమే. అతనికి కోపం వచ్చిందని ఎక్కడా అనలేదు. ఆకలీ క్రోధమూ సింగం దగ్గరే ఉంచి, ఇటు తెచ్చుకునే పని మనకు వదిలాడు. అజ్ఞాతవాసం మాటా ఎత్తలేదు. మరి ఆ గుహ ఏది? విరటుడి అంతఃపురమేనని నా నమ్మకం. కాదు, అడవే అనేవారితో నేను తగవుపడను. పద్యం రెండింటికీ ఒప్పుకుంటుంది.

నడక కూడా గమనించండి. 'సింగం బాకటితో' అని అచ్చ తెలుగులో మెల్లగా మొదలై, రెండో పాదంలో ఒకే సంస్కృత సమాసమై దూకింది. 'మా–తంగ', 'ఓ–జన్', 'వ–చ్చెన్' అని మాట మధ్యలోనే పాదం విరిగి కిందికి ఉరుకుతుంది, ఆగడానికి చోటు లేదు. మనిషి పేరు నాలుగో పాదందాకా రాదు. సేనకు ముందు కనబడింది సింగం, తరువాతే కుంతి కొడుకు. (కుంతి కొడుకుల్లో నడిమివాడు భీముడు కదా అని ఉత్తరాలు రాయకండి. ఐదుగురినీ లెక్కపెట్టుకోండి, మాద్రి పిల్లలనూ కుంతే పెంచింది.) సింగాన్ని శార్దూలవృత్తంలో (శార్దూలమంటే పులి) నడిపించడం కవి చమత్కారమో కాకతాళీయమో గాని, నాకు మాత్రం ముచ్చటే. తిక్కన మీద ఈ పక్షపాతం నాకు పాతదే. మీ ఊరివారికీ ఉండాలి, తన తండ్రి కొమ్మన దండనాథుణ్ణి 'గుంటూరివిభుడు' అని ఆయనే చెప్పుకొన్నాడు.

రూపకాల గురించి అడిగారు. ఒక పద్యంలో ఇమిడే రూపకం సంగతి మీకు తెలిసిందే. కావ్యం మొత్తాన్నీ ఒక్క కల్పన మోయడం చూడాలంటే వినుకొండలో పుట్టిన జాషువా 'గబ్బిలం' చదవండి. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు, అదీ పూజారి లేనప్పుడు చెప్పమని. మేఘాన్నో హంసనో పంపి ఉంటే ఆ కావ్యానికి ఆ ఎత్తిపొడుపు ఉండేదా?

అయితే 'పైన తొడిగే నగలు' అన్న మీ అనుమానం పూర్తిగా తోసెయ్యలేను. ప్రబంధాల్లో కొన్ని సూర్యోదయాలూ కొన్ని నాయికావర్ణనలూ ఉన్నాయి. వాటిని ఒక కావ్యంలోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టినా కథలో ఎవరికీ తెలియదు. వాటి అందం వాటికుంది, కథకు చేసే సాయం తక్కువ. కాబట్టి అన్నిటికీ కలిపి ఒక తీర్పు నన్ను అడగకండి. ఏ పద్యానికి ఆ పద్యం చూసుకోవలసిందే.

పోటీలో అలంకారం అడిగితే మీ అమ్మాయిని ఉపమ అనే చెప్పమనండి. ఉపమావాచకం, అంటే పోలికను తెలిపే మాట, 'ఓజన్' (విధంగా). 'వచ్చు' అని చెబితే మార్కులు పోతాయి, అది సమానధర్మంలోకి, అంటే ఇద్దరికీ ఉమ్మడి అయిన గుణంలోకి, వస్తుంది. 'ఆకటితో' అన్నచోట 'ఆకలితో' అని దిద్ది చదివేవారున్నారు, వారి మాట విననివ్వకండి.